బిబిరి ఉంటే ఎక్కకు

బెత్సుకాయ్,
జూన్ 3, 1996

మామయ్యగారికి,

మీ హమామత్సులో ఈపాటికి వానలు పట్టుకుని ఉంటాయి. ఇక్కడ హొక్కయిదోలో జూన్ వచ్చినా పొద్దున్నే కిరసనాయిలు పొయ్యి వెలిగించనిదే చేతులు ఆడటం లేదు. ఆవులు బాగున్నాయి. మా అమ్మానాన్నలు బాగున్నారు. బాగాలేనిది మీ అబ్బాయి ఒక్కరే. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆయన పడుకున్నాక రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే మీకు వినపడదు, అత్తయ్యకి చెబితే బెంబేలెత్తిపోతుంది.

పోయిన నెల కోహెయ్ మోటారు సైకిలు మీంచి పడ్డారు. భుజం దగ్గర ఎముక విరిగింది. ప్రాణానికేం భయం లేదు, చెయ్యి మెడకి కట్టుకుని తిరుగుతున్నారు. పాల సంఘం నుంచి వస్తూ మలుపులో బ్రేకు పట్టబోతే వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు దొరకలేదట. ఈ వసంతమంతా అంతే. బండి దిగాక అన్నం తినే పుల్లలు కూడా పట్టుకోలేకపోయేవారు. అద్దంలో ఒక లారీ రెండు లారీలుగా కనిపిస్తోందని నవ్వేవారు. నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

బండి దూడల కొట్టంలో మూల పడి ఉంది. తుక్కు వాడికి ఇచ్చేస్తానంటున్నారు. మా పెళ్ళికి మీ చేతులతో చేసి ఇచ్చిన బండి అది. నేను ప్రతి ఆదివారం అద్దంలా తుడిచి పెట్టిన బండి. అమ్మొద్దని నేను చెబితే వినరు. మీరు చెబితే అసలే వినరు. కొత్త సంవత్సరం కార్డులో మీరు రాసిన మాట నేనూ చదివాను. దాని గురించి నేనేమీ అనను.

ఇంతకీ ఆ బండికేమైంది? అది మీకే తెలియాలి.

మీ కోడలు,
చిజురు

*

హమామత్సు,
జూన్ 10

అమ్మా చిజురూ,

నీ ఉత్తరం షెడ్డులో బెంచీ మీద కూర్చుని చదివాను. మీ అత్తయ్య వచ్చి లాక్కుని చదివి, ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది. "నలభై ఏళ్ళు ఊరందరికీ బళ్ళు చేశావు, ఒక్కడూ పడలేదు. పడేయడానికి నీకు నీ కొడుకే దొరికాడా?" అంది. చేతిలో సగం చేసిన బండి ఒకటి ఉంటే దాని మీద గుడ్డ కప్పేశాను. అసలు సంగతి తేలేదాకా పానా ముట్టుకోను.

ఇక నేను చెప్పినట్టు చెయ్యి. వాడు సాయం రాకపోతే మానె, నువ్వు దూడని కడుపులోంచి లాగిన దానివి, నీకిదో లెక్క కాదు.

బండి స్టాండు వేసి న్యూట్రల్‌లో స్టార్ట్ చెయ్యి. ఎక్సలేటర్ మెల్లగా పెంచు. చక్రాలు తిరగడం లేదు కదా, అయినా వణికిందంటే తప్పు చక్రాలది కాదు, ఇంజిన్‌ది, లేదా ఇంజిన్‌ని పట్టుకున్న వాటిది. ఎక్సలేటర్ ఇవ్వనప్పుడు కాస్త ఊగడం దాని నైజం, దానికి హడలిపోకు. వేగం పెంచాక సర్దుకోవాలి. సర్దుకుందో లేదో రాయి.

ఇంజిన్‌కీ ఫ్రేముకీ మధ్య నేను అచ్చుపోసిన మౌంటింగ్ రబ్బర్లు ఉంటాయి, ముందూ వెనకా. ఇంజిన్ వణుకుని మనిషి దాకా రానివ్వకపోవడమే వాటి పని. వాటి బోల్టులు వదులయ్యాయేమో చూడు. తర్వాత ఇంజిన్ కింద చెక్క పెట్టి, జాకీతో కొంచెమే ఎత్తు. ఫ్రేము కదలకుండా ఇంజిన్ ఒక్కటే లేచిందంటే రబ్బరు చచ్చిందన్నమాట. ఇనుము ఎక్కడైనా కొత్తగా మెరుస్తోందా చూడు. ఇంజిన్ వెళ్ళి ఫ్రేముకి రాసుకున్న చోట రంగు పోయి మెరుస్తుంది.

కార్డు సంగతి నువ్వెందుకు ఎత్తావో అర్థం కాలేదు. అందులో నేను రాసింది బండి గురించే కదా. వాడు ఆ మాట విని ఉంటే అసలు పడేవాడే కాదు.

వాడికి పాలు బాగా పట్టించు. మీ ఇంట్లో వాటికి కరువా.

మీ మామయ్య,
సదజిరో

*

బెత్సుకాయ్,
జూన్ 19

మామయ్యగారికి,

ముందు బండి సంగతి, కోపం తర్వాత.

బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి ఎక్సలేటర్ పెంచాను. సర్దుకోవడం మాట దేవుడెరుగు, పెంచిన కొద్దీ పెట్రోలు ట్యాంకు ఊడి చేతికొస్తుందేమో అనిపించింది. దూడలు బెదిరి గోడకి అతుక్కుపోయాయి. నా అరచేతుల్లో సాయంత్రం దాకా చీమలు పాకాయి. ఈ చేతులతోనా ఆయన రోజూ రోడ్డెక్కింది!

జాకీ పెట్టి ఎత్తితే ఇంజిన్ లేచింది, ఫ్రేము కదల్లేదు. రబ్బర్లు ఉబ్బి, ఉడికిన మోచి బియ్యపు ముద్దల్లా పక్కలకి జారి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఫ్రేము వెనక గొట్టం మీద ఒక చోట ఇనుము తళతళలాడుతోంది.

ఇక కోపం. కార్డులో రాసింది బండి గురించేనా? "బిబిరి ఉంటే ఎక్కకు" అని బండికి రాస్తారా ఎవరైనా? మీ కొడుకు గడప దగ్గరే నిలబడి ఆ కార్డు చదివారు. "మా నాన్న దృష్టిలో నేనెప్పుడూ పిరికిపందనే" అన్నారు. మంచు కరగడమే తడవుగా రోజూ బండి తీశారు. పని ఉన్నా తీశారు, లేకపోయినా తీశారు. చేతులు మొద్దుబారుతున్నాయి, కొన్నాళ్ళు ఆపండి అంటే "ఆపితే ఆయన అన్నది నిజం చేసినట్టే" అన్నారు. ఇప్పుడు మీరేమో వింటే పడేవాడు కాదంటారు! షెడ్డు వదిలి మా ఇంటికి ఇల్లరికం వచ్చాడన్న కోపం ఉంటే నా మీద చూపించండి. తెచ్చుకున్నది నేను.

పెద్దవారిని ఇలా రాసినందుకు క్షమించండి. రాసింది మాత్రం కొట్టివేయను.

చిజురు

*

హమామత్సు,
జూన్ 27

అమ్మా చిజురూ,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మీ అందరి ఇళ్ళలో బిబిరి అంటే పిరికితనం, పిరికిపంద. నిజమే. మా షెడ్డుల్లో బిబిరి అంటే వేరు. ఇనుమూ ఇనుమూ తగిలి గడగడమనే పాడు వణుకుని బిబిరి అంటాం. నలభై ఏళ్ళుగా నా నోట్లో ఆ మాట అలాగే నలిగింది. డిసెంబరులో వాడు ఫోను చేస్తే మీ అత్తయ్య ఎత్తి, నా చెవిలో అరిచింది: "బండి వణుకుతోందట, ఏం చెయ్యాలని అడుగుతున్నాడు!" దానికి జవాబే ఆ కార్డు. బండిలో వణుకుంటే ఎక్కకురా, పడతావు అని. జాగ్రత్త చెప్పాననుకుని పోస్టు డబ్బాలో వేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఇవాళ మీ అత్తయ్యని నిలదీశాను. అదే ఫోనులో వాడు ఇంకో మాట కూడా చెప్పాడట. సందెవేళ ఆ తిన్నటి రోడ్డు మీద జింకలు అడ్డం వస్తుంటే భయంగా ఉంటోందని. "ఆ సగం నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "చెబితే నువ్వు నవ్వుతావని" అంది. నవ్వేవాణ్ణే, చిజురూ. అదే నన్ను కోస్తోంది. వాడు భయమని చెప్పుకున్నాడు, నా దగ్గర్నుంచి బిబిరి అని కార్డు వెళ్ళింది. నా గురించి వాడికి తెలిసినదాన్ని బట్టి వాడు దాన్ని సరిగ్గానే చదివాడు. ఆపమని రాసిన మాటే వాణ్ణి రోజూ బండి ఎక్కించింది.

ఇల్లరికం కోపం నాకుందా అంటే, మొదట్లో ఉండేది. షెడ్డుకి వచ్చే వాళ్ళతో "మావాడు ఆవులకి అల్లుడయ్యాడు" అని జోకులేసేవాణ్ణి. నీ మీద ఎప్పుడూ లేదు.

వాడికి ఈ ఉత్తరం చూపించు. నమ్మితే నమ్ముతాడు. రబ్బర్లు విప్పి పంపు. జాకీ తీయకుండా, ఒకటి విప్పాక ఇంకొకటి. కడగకు, తుడవకు, ఉన్నవి ఉన్నట్టుగా పంపు. నేను చూడాలి.

సదజిరో

*

బెత్సుకాయ్,
జూలై 8

మామయ్యగారికి,

ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివారు. "నలభై ఏళ్ళ మాటట! ఇప్పుడు భలే గుర్తొచ్చింది" అన్నారు. చిన్నప్పుడు షెడ్డులో ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటారో, నాకన్నా ఆయనకే తెలియాలి కదా అంటే, "అక్కడ బళ్ళనీ అదే అనేవారు, నన్నూ అదే అనేవారు" అని గడ్డి దులపడానికి వెళ్ళిపోయారు. ఒంటి చేత్తో ఏం దులుపుతారో. కానీ ఉత్తరం మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళారు.

మిమ్మల్ని నోటికొచ్చినట్టు రాశాను. ఆవు తన్నినా ఇంత బాధ ఉండదు. చెయ్యని తప్పు మీ నెత్తిన రుద్దాను.

రబ్బర్లు బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. వెనక వాటి బోల్టు రాకపోతే మా నాన్న పానాకి గొట్టం తగిలించి తిప్పారు. "ఇంత అందమైన బండికి ఈ రోగమేమిటే" అని ఆయన కూడా అన్నారు. కడగొద్దన్నారని కడగలేదు, లేకపోతే మీ ముందుకి ఇంత మురికిగా పంపేదాన్ని కాదు.

తుక్కు వాడు వచ్చాడు. మామయ్యగారి దగ్గర్నుంచి జవాబు రావాలని చెప్పి పంపించేశాను. మీ అబ్బాయి వద్దనలేదు.

చిజురు

*

హమామత్సు,
జూలై 20

అమ్మా చిజురూ,

ఊరంతా మలుగు చేప కాలుస్తున్న వాసన. మీ అత్తయ్య నాకూ తెచ్చింది. ఎండలకి బలమట. తిన్నాను.

డబ్బా అందింది. తప్పు నాదే. ఆ ఏడాది నేను అచ్చుపోసిన రబ్బరు సరిగా ఉడకలేదు. తొందరపడ్డాను. అందుకే మెత్తబడి ఇంజిన్ బరువు మోయలేకపోయింది. నీ తప్పు గానీ వాడి తప్పు గానీ ఇసుమంత లేదు. వాడికి కూడా అలాగే చెప్పు.

కొత్తవి పోసి పంపుతున్నాను. ఈసారి తొందరపడలేదు. ముందువి ముందు పెట్టండి. బోల్టులు చేత్తో తిరిగేదాకా మాత్రమే బిగించి, జాకీ దింపి, ఇంజిన్ దాని బరువు మీద అది కూర్చున్నాక, ఒకసారి స్టార్ట్ చేసి ఆపి, అప్పుడు పానా వెయ్యండి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి మళ్ళీ మొదటికొస్తుంది. బండి తుడవాలంటే సబ్బునీళ్ళు చాలు, ఇంకేదీ వాడకండి. రెండు వారాలకోసారి బోల్టులు చూసుకోండి. రంగు పోయిన చోట వెంటనే రంగు వెయ్యండి, మీ దగ్గర ఉప్పుగాలి.

వాడి భుజం అతుక్కుందా?

సదజిరో

*

బెత్సుకాయ్,
ఆగస్టు 1

మామయ్యగారికి,

కొత్త రబ్బర్లు అందాయి. ఇంకా వెయ్యలేదు. దేవుడి గూట్లో పెట్టాను, ఎందుకో తెలియదు.

నిన్న అత్తయ్యతో ఫోనులో మాట్లాడాను. ఆ ఏడాది మీరు చేసిన మిగతా బళ్ళ సంగతేమిటి, వాళ్ళకి కూడా రాశారా అని అడిగాను. "ఎవరికి? ఏం రాయాలి?" అంది ఆవిడ. ఉడకని రబ్బరు వేసుకుని జనం రోడ్ల మీద తిరుగుతుంటే మలుగు చేప తింటూ కూర్చునే మనిషి కాదు మీరు. రబ్బరు మంచిదే.

సబ్బునీళ్ళ మాట రంగు మాటకి ముందు, బోల్టుల మాటకి వెనక నక్కించి రాశారు. అది చదివాక అంతా అర్థమైంది. మా ఇళ్ళ వెనక కిరసనాయిలు ట్యాంకు ఉంటుంది, తెలుసు కదా. పోయిన వేసవి నుంచి ప్రతి ఆదివారం నేను గుడ్డ దాంట్లో ముంచి బండి తుడిచాను. జిడ్డు ఇట్టే వదిలిపోయి ఇంజిన్ కొత్త పళ్ళెంలా మెరిసేది. సందుల్లోకి గుడ్డ వెళ్ళకపోతే సీసాతో పోసేదాన్ని. మీ చేతిపనికి నేను చేసే సేవ అనుకున్నాను. డబ్బా మూత తీయగానే మీకు వాసన కొట్టి ఉంటుంది.

పాలు పితికే మిషను గొట్టాలకి రబ్బరు తొడుగులుంటాయి. వాటికి నూనె తగలనిస్తే ఉబ్బిపోతాయని మా కొట్టంలో అందరి మీదా కేకలేసేది నేనే. అంత తెలిసిన దానికి బండి రబ్బరు కూడా రబ్బరేనని తోచలేదు. నా మొగుణ్ణి నేనే పడేశాను, మామయ్యా. పైగా మిమ్మల్ని నానా మాటలు అన్నాను. మీరు ఆ బరువు కూడా మీ నెత్తికే ఎత్తుకున్నారు.

ఆయనకి ఇంకా చెప్పలేదు. రోజూ అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకుంటాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తలేక గిన్నె కిందే పెట్టుకుని తింటుంటే, ఇంకాస్త కూర వడ్డించి వచ్చేస్తున్నాను.

చిజురు

*

హమామత్సు,
ఆగస్టు 10

అమ్మా చిజురూ,

పితృదేవతలు ఇంటికొచ్చే రోజులు. మీ అత్తయ్య దీపాలు తుడుస్తోంది. సబ్బునీళ్ళతోనే.

వాసన కొట్టింది. మూత తీయకముందే కొట్టింది. అబద్ధం రాశాను, అదీ చేతకాక దొరికిపోయాను. కానీ నీ మీద జాలితో రాశాననుకుని నన్ను మంచివాణ్ణి చెయ్యకు. ఉన్నమాట చెబుతాను. రబ్బరు తప్పయితే కొత్త రబ్బరు పోసి పంపొచ్చు. నా చేతికొచ్చిన పని. నా అసలు తప్పు కార్డులో ఉంది, దానికి అచ్చుపోయడం నాకు రాదు. అందుకని చేతనైన తప్పు ఒకటి వెతుక్కుని దాన్ని మీద వేసుకున్నాను. నీ తప్పు దొంగిలించాననుకో.

కిరసనాయిలు రబ్బరుని మెత్తబరిచింది. నిజం. అంతమాత్రాన మనిషి పడడు. బండి వణికితే బుద్ధి ఉన్నవాడెవడైనా దిగిపోతాడు. వాణ్ణి దిగనివ్వకుండా చేసింది నేను. నీకు తెలియక జరిగింది. నాకు మాత్రం నా నోటి సంగతి వాడు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

చెప్పాలా వద్దా నువ్వే చూసుకో, మీ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెవర్ని. ఒక్కటే అడుగుతాను. కార్డు చిన్నది కదా అని నేను మూడు మాటల్లో రాసి చెడగొట్టాను. నువ్వు చెబితే పొడుగ్గా చెప్పు. వాడు లేచి వెళ్ళిపోబోతే మళ్ళీ మొదట్నుంచి చెప్పు.

షెడ్డులో బండి మీద గుడ్డ ఇంకా అలాగే ఉంది. తీయబుద్ధి కావడం లేదు.

మీ మామయ్య,
సదజిరో

*

బెత్సుకాయ్,
సెప్టెంబరు 2

మామయ్యగారికి,

గడ్డి కోతలై కాస్త ఊపిరి పీల్చుకున్నాం. పొద్దున్నే మళ్ళీ పొయ్యి వెలిగించాల్సి వస్తోంది. ట్యాంకు మూత తీసేటప్పుడు ఇప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటున్నాను.

చెప్పాను. మీరన్నట్టు పొడుగ్గా, ఆవులకి మేత వేస్తూ మొదలుపెట్టి, పాలు పితకడం అయ్యేదాకా చెప్పాను. మధ్యలో ఏడ్చాను కూడా. ఆయన లేచి వెళ్ళలేదు. అంతా విని, "నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?" అన్నాను.

"నేను ఎవరి కొడుకుని? కిరసనాయిలు తగిలితే రబ్బరు ఏమవుతుందో నాకు అన్నప్రాసన నాటి నుంచి తెలుసు. పోయిన వేసవిలోనే వాసన పట్టాను."

"మరి చెప్పలేదేం?"

"ఆదివారం పూట నువ్వు పాట పాడుకుంటూ తుడిచేదానివి. మా నాన్న చేసిన బండిని ఈ ఇంట్లో ఒకళ్ళు అంత ముద్దుగా చూసుకుంటుంటే ఆపబుద్ధి కాలేదు. వచ్చే వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకున్నా. ఆ మాటేదో నాన్న నోటితోనే నీకు చెప్పిద్దామని వణుకు సంగతి ఫోను చేస్తే, కార్డు వచ్చింది. ఆ తర్వాత బండిలో తప్పుందని ఒప్పుకుంటే, వంక పెట్టి తప్పించుకున్నానని నాన్న అంటారని భయమేసింది."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. భుజం సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. ముగ్గురం మూడు వైపులా నోళ్ళు మూసుకుని ఒక మనిషిని పడేశాం, మామయ్యా. అత్తయ్యని కలుపుకుంటే నలుగురం.

ఆదివారం రబ్బర్లు వేశాం. ఆయన జాకీ పట్టారు, నేను పానా పట్టాను. ఇంజిన్ తన బరువు మీద తను కూర్చున్నాక స్టార్ట్ చేసి ఆపి, అప్పుడే బిగించాను. మళ్ళీ స్టార్ట్ చేస్తే మొదట కాస్త ఊగి, వేగం పెంచగానే సర్దుకుంది. దూడలు ఈసారి తలలు కూడా ఎత్తలేదు. ఆయన పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి చూశారు. సాయంత్రం నేను పాలు పోసి వచ్చేసరికి కొట్టంలో బండి లేదు. చీకటి పడేలోపు తిరిగొచ్చారు. మొహం పాలిపోయి ఉంది. జింకలు కనిపించాయా అని నేను అడగలేదు.

తుక్కు వాణ్ణి ఇక రావద్దని చెప్పాను. మీరు కూడా ఆ గుడ్డ తీసేయండి.

ఆయన మీకొక కార్డు రాశారు. పోస్టులో వెయ్యమంటే, ఈసారి ఒంటరిగా పంపనని చెప్పి నా ఉత్తరంలోనే పెడుతున్నాను. నేను చదివాను. మీరు తప్పుగా చదవడానికి అందులో ఏమీ లేదు.

మీ కోడలు,
చిజురు

*

నాన్నా,

బండిలో బిబిరి పోయింది. నాలో ఉన్నది పోలేదు. అయినా ఎక్కాను.

కోహెయ్